సముద్రపు గాలిలో 261

మా ఊరి బేస్‌బాల్ మైదానం గోడ మీద ఇంకొక్క పేరుకే చోటుంది. ఆ ఆదివారం దానికి ఇద్దరు పోటీ: మా నాన్న నికనోర్, ఆయనతోపాటు ఈ ఊళ్ళోనే పెరిగిన ఫాస్టో. ఓటేసేది ఐదుగురు పాత ఆటగాళ్ళు. "ఎవరిదైతే ఏంటిలే" అంటూనే నాన్న పొద్దున్నుంచి ఒకే చొక్కాని మూడుసార్లు ఇస్త్రీ చేశాడు.

పైకి చూస్తే ఆయన ఓడిపోవాలి. ఫాస్టో మొత్తం కెరీర్ సగటు 304. అంటే వెయ్యి అవకాశాల్లో 304 హిట్లు. నాన్నది 261. కానీ ఫాస్టో పదమూడేళ్ళూ కొండల్లోని క్లబ్బుకి ఆడాడు. అక్కడ గాలి పల్చన, బంతిని కోపంగా చూసినా కంచె దాటుతుంది. నాన్న ఆడింది ఇక్కడ, సముద్రం పక్కన. మధ్యాహ్నం గాలి కుడివైపు నుంచి లోపలికి వీస్తుంది. నాన్నలాంటి ఎడమచేతి బ్యాటర్ ఎంత బలంగా కొట్టినా బంతిని మోసుకొచ్చి ఫీల్డర్ చేతిలో పెట్టిపోతుంది.

నేను రాజధానిలో సాఫ్ట్‌వేర్ రాస్తాను. రెండు నెలల సెలవు రోజులన్నీ తగలేసి, లీగ్ పాత స్కోరు పుస్తకాలు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక పట్టిక తయారుచేశాను. దాని కాపీలు పట్టుకుని ఆ ఐదుగురూ కూర్చున్న డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళాను.

"యోకాస్తా, నువ్వొచ్చావంటే మీ నాన్న పని అయిపోయినట్టే" అన్నాడు రదమేస్ మామ. ఫాస్టోకి స్వయానా బావమరిది. ఆడింది మాత్రం నాన్న జట్టులోనే, సగటు 238. ముప్పై ఏళ్ళుగా చేపల బజారులో కూడా ఆయన్ని "ఏయ్, రెండొందల ముప్పై ఎనిమిదీ!" అనే పిలుస్తారు. "304 పెద్దదా, 261 పెద్దదా? ఇది మర్చిపోడానికా అంత చదివావు?"

"ఎవరితో పోల్చి, మామా?"

"దేవుడితో!"

అందరూ నవ్వారు. నేను కాగితాలు పంచాను.

"ఎవరు ఎక్కడ ఆడారో, ఆ ఏళ్ళలో అక్కడ అందరూ కలిసి కొట్టిన సగటుని వంద అనుకోండి. కొండల్లో అది 285. ఇక్కడ 229. వంద దాటితే తోటివాళ్ళకంటే మెరుగు."

మొదటి వరుస రదమేస్ మామది. ఆ వరుస పైన పెట్టింది నేనే, కావాలనే. అంకె మాత్రం నేను పెట్టింది కాదు.

ఆయన కళ్ళజోడు తగిలించుకున్నాడు. "104 అంటే?"

"మిగతావాళ్ళకంటే నాలుగు శాతం మెరుగు."

"ఎవరు?"

"నువ్వే."

మామ పక్కనున్న బెనిన్యోని మోచేత్తో పొడిచాడు. "మళ్ళీ చెప్పమ్మా, వీడికి వినపడాలి."

బెనిన్యో తన వరుస వెతుక్కున్నాడు. 97. "ఈ లెక్క తప్పు!"

"ఎలా తప్పురా? పిల్ల ఇంజనీరు! గాలి లేదంటావా? నీ టోపీ ఎన్నిసార్లు ఎగిరిపోలేదు?" అని మామ లేచి, పద్ధతంతా వాళ్ళకి నాకంటే బాగా వివరించాడు.

"సరే, మరి నికనోర్‌ది ఎంత?" అన్నాడు బెనిన్యో కసిగా.

"114. ఫాస్టోది 107."

మామ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. నాన్న 114ని తప్పని కొట్టిపారేస్తే తన 104 కూడా పోతుంది.

"రేపు మా బావకి మొహం ఎలా చూపించనే?"

"104 మొహం చూపించు."

తిట్టాడు గానీ చెయ్యెత్తాడు. నాలుగు ఓట్లు నాన్నకి పడ్డాయి. బెనిన్యో ఒక్కడే ఫాస్టోకి వేశాడు.

నాన్న బయట మెట్ల మీద ఉన్నాడు. "నీ పేరే, నాన్నా" అన్నాను.

తలూపాడంతే. చొక్కా కాలర్ సర్దుకుని, "నాకెంత వచ్చింది?"

"114."

"ఫాస్టోకి?"

"107."

"బెనిన్యోకి?"

"97."

నాన్న మెట్టు మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

"కూర్చో. అందరివీ చదువు. మెల్లిగా."