ఆపేలు అవుటైన రోజు

సవాయి దీవిలో మా ఊరి కుటుంబ పెద్దలందరిలోకీ ఆపేలుది పెద్ద గొంతు. ఆ ఏడు పార్లమెంటుకు నిలబడ్డాడు. ఏ సభలో లేచినా ఒకటే పాట.

"మనిషి స్వార్థాన్ని దాటాలి! ఊరిని దాటాలి! తనను తాను దాటాలి!"

"ముందు ఆ మైకు దాటి ఇంటికి రావయ్యా, వంట చల్లారిపోతోంది" అనేది భార్య సీనేవా, అందరికీ వినపడేలా.

ఎన్నికలకు రెండు వారాల ముందు పక్క ఊరితో కిరికిటి, అదే మా దీవి క్రికెట్టు, ఆట పెట్టుకున్నాం. యాభై ఎనిమిదేళ్ల వయసులో, నొప్పులు పుట్టే మోకాళ్లతో ఆపేలు తానూ ఆడతానన్నాడు. రెండు ఊళ్ల ఓటర్లూ గట్టున కూర్చుంటారు మరి. గెలిచాక చెప్పాల్సిన ఉపన్యాసాన్ని బ్యాటు భుజాన వేసుకుని గొణుక్కుంటూ ఉంటే, పరుగులు లెక్కపెట్టే నేను చూశాను.

అవతలి జట్టు నాయకుడు ఫలనికో, బస్సు డ్రైవరు. ఆపేలు ప్రత్యర్థి బొమ్మను బస్సుకు అంటించుకుని తిరుగుతాడు. ఈల ఊదుతూ, డోలు మోతకు పొట్ట ఊపుతూ తన జట్టు చేత చప్పట్లు కొట్టించేవాడు.

"పెద్దాయనా! అది మైకు కాదు, బ్యాటు. తిరగేసి పట్టుకున్నావేమో చూసుకో!"

చివరికి మాకు నాలుగు పరుగులు కావాలి. మిగిలింది ఆపేలు ఒక్కడే. కసిగా కొట్టాడు. బంతి పనస చెట్ల మీదుగా సముద్రం వైపు లేచింది. గెలిచామని మావాళ్లు అరిచారు. ఫలనికో అంత పొట్టనూ వేసుకుని పరుగెత్తి, నీళ్లలోకి దూకి, మునిగిపోయాడు. పైకి ఒక చెయ్యి మాత్రం లేచింది. అందులో బంతి ఉంది.

డోలు కూడా ఆగిపోయింది.

ఆపేలు బ్యాటు విసిరేసి నీళ్లలోకి పరుగెత్తాడు. కొట్టుకుంటారనుకున్నాను. ఆపేలేమో ఫలనికో చేతిని పట్టి పైకెత్తి, "చూశారా! ఎప్పుడైనా చూశారా ఇట్లాంటిది!" అని అరిచాడు. ఒడ్డున అవతలి జట్టు గెలుపు చిందులు మొదలెడితే వాళ్ల మధ్యలోకి వెళ్లి తనూ ఆడాడు. మోకాళ్ల మాటే మరిచిపోయాడు.

"ఇంతకీ నువ్వు ఎవరి మనిషివయ్యా?" అని మావాళ్లు తిట్టారు. అతనికి వినపడలేదు.

తర్వాత మైకు చేతికిస్తే, తడి బట్టలతో నిలబడి, "ఆ క్యాచ్..." అని, చెయ్యి పైకెత్తి చూపించి, కూర్చున్నాడు. అంతే.

ఎన్నికలో పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఫలనికో కాల్చిన పంది మాంసం పట్టుకొచ్చాడు.

"ఓటు నీకే వేశానన్నా, మావాళ్లతో అనకు."

"అబద్ధం."

"అబద్ధమే. కానీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది."

ఆపేలు పగలబడి నవ్వాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నీళ్లలో బంతి నీకెట్లా కనపడిందిరా?"

"కనపడలేదు. కళ్లు మూసుకుపోయాయి. చెయ్యెత్తానా, అదే వచ్చి పడింది."

ఆపేలు ఆ చేతిని లాక్కుని, అరచెయ్యి అటూ ఇటూ తిప్పి చూడసాగాడు.

"ఏం వెతుకుతున్నావయ్యా అందులో? స్టీరింగు పట్టి కాయలు కాసిన చెయ్యి అది" అంది సీనేవా. "వదులు. ఆయన అన్నం తినాలి."