మలుపు దగ్గర స్టూలు

ఆఫీసులో అందరూ ఆమెను మార్కులమ్మ అనేవారు. అలాగని బళ్లో పంతులమ్మేమీ కాదు. మోకాళ్లు అరిగిపోయినవాళ్లను కూర్చోబెట్టుకుని, గోడవారగా బిగించిన పట్టా మీద జారుతూ మేడ ఎక్కించే కుర్చీలు అమ్మే కంపెనీ అది. కుర్చీ కావలసినవాళ్లు వెబ్‌సైట్‌లోకి వచ్చి చాట్‌బాట్‌తో మాట్లాడతారు. వాళ్లలో నిజంగా కొనేదెవరో, ఊసుపోక వాగేదెవరో ఆ సంభాషణలు చదివి తేల్చి, నూటికి ఇన్ని అని మార్కులు వేయడం ఈమె ఉద్యోగం. ఎనభై దాటితే కొలతలాయన టేపు పట్టుకుని ఇంటికి వెళ్తాడు. ఇరవై లోపైతే ఫోన్ చేసే దిక్కు కూడా ఉండదు.

ఆమె అంచనా తప్పడం అరుదు. "ఎంతైనా సరే, రేపే బిగించేయండి" అని ఎగిరెగిరి పడేవాళ్లను ముప్పై దాటనిచ్చేది కాదు. బాట్ అడక్కముందే "మావి ఇరవై రెండు మెట్లండీ" అని రాసినవాళ్లకు కళ్లు మూసుకుని తొంభై వేసేది. ఒళ్లు బాగున్నవాడు మెట్లెందుకు లెక్కపెడతాడు, పనిలేకనా? ఒక్కో మెట్టూ ప్రాణం తోడేస్తుంటేనే ఆ లెక్క నోటికొస్తుంది. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పింది కాదు. వాళ్లమ్మ వెనకాల మెట్లెక్కి నేర్చుకున్నది.

ఆ సోమవారం పొద్దున్న మూడో సంభాషణ తెరిచింది.

"పద్దెనిమిది మెట్లు. తొమ్మిదోదాని దగ్గర మలుపు. పద్నాలుగోది మిగతావాటి కంటే ఎత్తు, మేస్త్రీ వెధవ పని. నేను కిందికి దిగి ఐదు నెలలైంది. కుదిరితే చేయండి, కుదరకపోతే మానేయండి."

మార్కులమ్మ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. మళ్లీ చదివింది. పద్నాలుగో మెట్టు! ఆ మెట్టు ఆమెకు తెలియకపోవడమేమిటి, అక్కడే కదా అమ్మ "ఉండవే, ఒక్క నిమిషం" అని మోకాలు పట్టుకునేది. ఇంక ఆ "కుదిరితే, కుదరకపోతే" అన్న కూత వినిపించిందంటే మనిషి ఎదురుగా నిలబడ్డట్టే. ఓనరు! తామొకప్పుడు మేడ మీద అద్దెకున్న ఇంటి ఓనరు!

తొమ్మిదేళ్ల కిందటి మాట. అప్పుడాయన దర్జాగా కింది వాటాలో ఉండేవాడు. పక్కగది ఖాళీగానే ఉండేది, అందులో పాత పేపర్లు పేర్చుకునేవాడు. "అన్నయ్యగారూ, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఆ గది మాకిప్పించండి" అని అమ్మ నోరు తెరిచి అడిగింది. "కుదిరితే ఉండండమ్మా, కుదరకపోతే ఖాళీ చేయండి" అన్నాడు. సరేలెమ్మని అమ్మ మలుపు దగ్గర ఒక చెక్క స్టూలు వేసుకుంది. నాన్న బస్సు నడపడమే గానీ వడ్రంగం ఎరిగినవాడు కాదు. బతికుండగా తన చేత్తో చేసిన వస్తువు అదొక్కటే, అందుకే ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క పెడితే గానీ నిలిచేది కాదు. అమ్మ తొమ్మిది మెట్లెక్కి, దాని మీద కూర్చుని ఊపిరి పీల్చుకుని, తక్కిన తొమ్మిదీ ఎక్కేది.

అదీ ఓర్వలేకపోయాడు మహానుభావుడు. ఒకరోజు స్టూలు మాయం. అడిగితే, "మెట్ల మీద సామాను పెట్టకూడదు. చెత్తబండిలో వేయించేశాను" అన్నాడు, చదువుతున్న పేపర్లోంచి తలైనా ఎత్తకుండా. ఆ తర్వాత మూడో వారం, కూరల సంచితో మలుపు దగ్గర కూలబడబోయి, స్టూలు లేదని గుర్తొచ్చేలోపే అమ్మ తొమ్మిది మెట్లూ దొర్లి పడిపోయింది. తుంటి విరిగింది. ఎనిమిది నెలలు మంచంలోనే ఉండి, అలాగే పోయింది.

"రా నాయనా, రా!" అనుకుంటూ మార్కులమ్మ సున్నా వేసింది. కారణం అన్న గడిలో "ఊసుపోక కబుర్లు" అని రాసింది. మలుపు తిరిగే పట్టా ఆ చుట్టుపక్కల చేసేది తన కంపెనీ ఒక్కటే. ఇంకెక్కడికి పోతాడు?

ఎక్కడికీ పోలేదు. బుధవారం వచ్చాడు, శుక్రవారం వచ్చాడు. "మా ప్రతినిధి త్వరలో మీకు ఫోన్ చేస్తారు" అని బాట్ తేనె పూసినట్టు చెప్పేది. "ఏ త్వరలో? ఇప్పటికి నాలుగుసార్లు చెప్పావు!" అని ఆయన మండిపడేవాడు. కింది వాటాను కొడుకు దుకాణానికి ఇచ్చేసి తనను మేడ ఎక్కించేశాడనీ, వీధి మొహం చూసి నెలలైందనీ రెండో వారం ఏకరువు పెట్టాడు. మార్కులమ్మ ఒక్కో ముక్కా రెండేసిసార్లు చదువుకుంది. కడుపు చల్లగా ఉందంటే ఉంది మరి, దాచుకోవడమెందుకు! ప్రతిసారీ సున్నాయే వేసింది.

మూడో వారం బాట్ ఎప్పటి ప్రశ్నే అడిగింది, మెట్ల మధ్యలో ఆగడానికి చోటుందా అని.

"మలుపు దగ్గర చెక్క స్టూలు ఉంది," అని రాశాడాయన. "ఎప్పుడో మేడ మీద అద్దెకున్నవాళ్లది. ఒక కాలు పొట్టి, అట్ట పెట్టాలి. నడక తప్పిపోకూడదని రోజూ అక్కడిదాకా దిగి, కాసేపు కూర్చుని మళ్లీ ఎక్కుతున్నాను."

మార్కులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓరి దుర్మార్గుడా! చెత్తబండిలోకి కాదు, నీ కొట్టుగదిలోకి చేర్చుకున్నావా!

స్టూలు కావాలి. ఆ ఇంట్లో అడుగుపెట్టాలంటే ఒకటే దారి. సున్నా కొట్టేసి తొంభై అయిదు వేసింది. అవి దొంగ మార్కులూ కావు, న్యాయానికి మొదటిరోజే పడవలసినవి.

"ఏంటమ్మా, సున్నా నుంచి తొంభై అయిదుకా?" అన్నాడు మేనేజరు.

"నా తప్పే సార్, దిద్దుకున్నాను. రేపు కొలతలకి నేనూ వెళ్తాను."

మర్నాడు ఆమె, కొలతలాయన వెళ్లేసరికి ఓనరు మలుపు దగ్గరే కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కొలతలాయన టేపు లాగుతూ, "పద్నాలుగోది మహా పొగరుగా ఉందే, చెల్లెమ్మా!" అని నవ్వాడు. అంతా రాసుకుని, "పట్టా చేయించడానికి ఆరు వారాలు పడుతుందండీ" అన్నాడు.

"పోనీలే బాబూ, వస్తుందన్నావు, అంతే చాలు," అన్నాడు ముసలాయన. కళ్లు తుడుచుకున్నాడు.

"లేవండి, ఓనరుగారూ," అంది మార్కులమ్మ.

"ఎందుకమ్మా?"

"ఆ స్టూలు మా అమ్మది."

ఆయన ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. "నువ్వు... మేడ మీదావిడ కూతురివా?"

"చెత్తబండిలో వేయించేశానన్నారుగా."

"ఏదో... గట్టి చెక్క కదా అని, పారేయలేదు." గొంతు తగ్గించాడు. "ఆ కుర్చీ వచ్చేదాకా ఉండనీ తల్లీ. ఆరు వారాలేగా. ఇక్కడ ఆగకపోతే నేను ఎక్కలేను."

తొమ్మిదేళ్లుగా కూడబెట్టుకున్న తిట్లు ఆమె దగ్గర బోలెడున్నాయి. తీరా సమయానికి నోటికొచ్చింది ఆయన మాటే.

"మెట్ల మీద సామాను పెట్టకూడదండీ."

ఆయన కమ్మీ పట్టుకుని లేచాడు. ఆమె స్టూలు చంకన పెట్టుకుని, అట్టముక్క అక్కడే వదిలేసి, చకచకా తొమ్మిది మెట్లూ దిగిపోయింది. గుమ్మంలో మాత్రం కాళ్లు ఆగాయి. పైన కొలతలాయన "నన్ను పట్టుకోండి పెద్దాయనా, నెమ్మదిగా" అంటున్నాడు. వెనకటి అలవాటు కొద్దీ ఆమె లెక్కపెట్టింది. పది. పదకొండు. చాలాసేపటికి పన్నెండు. పద్నాలుగో మెట్టు దగ్గర అడుగుల చప్పుడు ఆగిపోయింది.

ఆగనీ, అనుకుంది. స్టూలు గుమ్మంలో వేసుకుని కూర్చుంది.