త్రిపుర తలమీది ఒట్టు

జ్యేష్ఠమాసమున ప్రచండమార్తాండుడు ప్రాతఃకాలముననే తన ప్రతాపమును ప్రకటింపనారంభించి పెంకుటిండ్ల కప్పులను అట్లపెనములవలె కాల్చుచుండ వీథికుక్కలు అరుగులక్రింది నీడలకు జేరి నాలుకలు వ్రేలవైచి రొప్పుచుండ సముద్రమువైపునుండి రావలసిన చల్లగాలి త్రోవ మఱచినదో యన జాడలేక యుండ గోదావరిపాయ ప్రక్కనున్న యొకానొక మునసబుకోర్టు పట్టణమున వకీలు భీమశంకరముగారి గృహమందు మాత్రము ఆదివారపు సందడి మిన్నుముట్టుచుండెను. చెన్నపట్టణమునుండి బావమఱది జోగారావు ముందునాడే దిగియుండెను. వంటయింట పనసపొట్టు కూరకు తిరగమోత పడుచుండెను. ఆ దినము దశమి. మఱునాడు ఏకాదశి. ఈ తిథులను చదువరులు మఱవకుందురుగాక. ఈ కథ ప్రాణమంతయు వానియందే యున్నది.

భీమశంకరముగారు వాగ్ధాటియందెంత ఘనుడో రహస్యసంరక్షణమునందు అంతకు మించిన ఘనుడు. కక్షిదారు చెవిలో నూదిన మాట ఆయన పెదవి దాటెనని ఆ పట్టణమున నెవ్వరును అనజాలరు. ఆయన యిల్లాలు మాణిక్యాంబ ఎన్నిమారులు గ్రుచ్చి గ్రుచ్చి అడిగినను "అది మా వృత్తిధర్మమే" అని మీసము దువ్వుకొని నవ్వెడివాడు. ఆహా, ఏమి ధర్మము! ఆ ధర్మము కచేరీగది గడప దాటి యింటిలోనికి ఏల రాలేదో దానినే విచారింపవలసియున్నది.

ఆయన తల్లి బంగారమ్మ చిన్నవయసుననే వైధవ్యము వాతబడి ఒక్కగానొక్క కొడుకును పెంచి పెద్దచేసిన వృద్ధ. ఏకభుక్తనియమపరాయణయు మడియాచారములయందు రవంత సడలింపెఱుగనిదియు నగు ఆమె యింటిల్లిపాదియు భుజించిన పిమ్మట తన కుంపటిపై తాను వండుకొన్న యన్నమును దినమున కొక్కమారు తినును. ఏకాదశినాడు గ్రుక్కెడు నీరైన ముట్టదు. కావున దశమినాటి యన్నము తప్పెనా, ద్వాదశి తెల్లవారువఱకు ఆ ముసలిప్రాణమునకు పస్తే గతి. ఈ సంగతి ఆమె మనుమరాలగు ఆరేండ్ల త్రిపురకును చక్కగా తెలియును. ఏలయన ప్రతి ఏకాదశి సాయంకాలమును మడి విడిచిన మామ్మ కడుపుపై చెవి యానించి "లోపల గుడగుడ లాడుతోంది మామ్మా" అని దిగులుపడునది ఆ చిన్నదియే.

బంగారమ్మ మడిచీర ముందునాడే తడిపి పిండి నడవలో ఎత్తుగా కట్టిన వెదురుదండెముపై కఱ్ఱతో ఆరవేయబడును. మడికాని బట్టలతో నున్నవారెవరైన దానిని తాకిరా, మడి పోయినట్లే. బట్టకట్టని పసిబిడ్డ తాకినచో మాత్రము దోషము లేదని ఆ యింటి శాస్త్రము.

ఆ యుదయమున బంగారమ్మ నూతికడ స్నానము చేయుచుండగా త్రిపుర తమ్ముడు సూరన్న, రెండేండ్ల దిగంబరమూర్తి, నడవలో తప్పటడుగు లిడుచు పోయి దండెమునుండి జాఱి వ్రేలుచున్న చీరచెఱగును రెండు చేతుల నొడిసిపట్టి ఉయ్యాల యూగుచు కేరింతలు కొట్టనారంభించెను. వానిని కనిపెట్టుటకు నియుక్తురాలైన త్రిపుర పరుగున వచ్చి "వదలరా, మామ్మ మడిచీర!" అని వాని పిడికిలి విప్పి చెఱగును లాగికొని పీట యెక్కి కఱ్ఱతో మరల దండెముపైకి ఎగద్రోసెను. త్రోసిన పిమ్మట గాని తాను పరికిణీ కట్టియుంటినన్న సంగతి ఆ పిల్లకు తోచలేదు. చూడుడీ చిత్రము! వానిని ఊగనిచ్చి ఊరకున్నచో మడి చెడకపోవును. కాపాడబోయిన చేయియే చెఱచెను.

నోరు పెగిలి చెప్పునంతలో మామ్మ తడిబట్టలతో వచ్చి ఆ చీరను కఱ్ఱతో దించి కట్టుకొని స్తోత్రము చదువుకొనుచు కుంపటికడకు పోయెను. చెప్పినచో మామ్మ తినదు. చెప్పకున్నచో మామ్మకు పాపమేమో. ఈ రెంటి నడుమ నలిగి నలిగి త్రిపుర తనకు లోకమున నందఱికంటె తెలివిగలవాడని తోచిన తండ్రికడకు పోయి ఆయన కుర్చీచేతిని పట్టుకొని నిలిచెను.

"నాన్నా, నీకొకటి చెప్తాను. ఎవరితోటీ అనకూడదు."

"చెప్పవే తల్లీ."

"ఊహుఁ. ముందు ఒట్టెయ్యి."

భీమశంకరముగారు నవ్వి కాగితములు ప్రక్కకు నెట్టి కుమార్తె తలపై అరచేయి మోపెను. "నీమీదొట్టు. సరేనా?"

పిల్లల రాజ్యమున ఒట్టనగా ఆటవస్తువు కాదు. ఎవరి తలపై వేసిరో ఒట్టు తప్పినచో కీడు వారికే మూడును. తప్పవలసి వచ్చినచో ఆ ఒట్టును చేతితో తలమీదినుండి తీసి గట్టుమీద పెట్టి మఱి తప్పవలయును. త్రిపుర ఈ శాసనమును తు.చ. తప్పక నమ్మినది గనుక తన తలనే తాకట్టు పెట్టి తండ్రి చెవిలో జరిగినదంతయు చెప్పి ఏడ్చెను.

"ఓస్, ఇంతేనా! నోరు మూసుకుని ఊరుకో. మామ్మ శుభ్రంగా భోంచేస్తుంది. నీకు తెలుసు, నాకు తెలుసు, మూడోవాడికి తెలీదు" అని ఆయన పిల్ల కన్నులు తుడిచెను. ఆ మాటతో ఆ చిన్నగుండెమీది బరువంతయు దిగిపోయెను. నాన్న చూచుకొనునని నమ్మి పిల్ల ఆడుకొనబోయెను.

మధ్యాహ్నమున అందఱి భోజనములునైనవి. బావయు బావమఱదియు వంటయింటి ప్రక్క హాలులో చేరి తాంబూలము వేసికొనుచుండిరి. లోపల బంగారమ్మ విస్తరిముందు కూర్చుండి పప్పును నేతిని అన్నమున కలిపి కన్నులు మూసి కృష్ణార్పణ మనుకొనుచుండెను. గుమ్మమునకివల త్రిపుర గోడ నానుకొని చూచుచుండెను. ఆ తొలిముద్ద మామ్మ గొంతు దిగినచో గండము గడచినట్లే.

"ఏం బావా, మీ అమ్మగారి మడి ఇంకా అలాగే ఉందే! పొద్దున్న మంచినీళ్ళకని వంటింటి గుమ్మం దాకా వెళ్తే ఆవిడ ఆమడ దూరం పారిపోయింది" అని జోగారావు హాస్యమాడెను.

సభాసదులు నవ్వినగాని తృప్తి తీఱని నాలుక భీమశంకరముగారిది. ఆ నాలుకకు దురద పుట్టెను.

"ఇవాళ్టి మడి సంగతి వింటే పొట్ట చెక్కలౌతుందిరా జోగారావూ! మా త్రిపుర లేదూ, ఆ చీర చంటాడి చేతిలోంచి లాగి గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ దండెం మీద పడేసిందట. మా అమ్మ అదే కట్టుకుని స్తోత్రాలు చదువుతూ వంటంతా చేసింది!"

హాలు పగులునట్లు నవ్విరి. లోపల ముద్ద చేతినుండి జాఱి విస్తరిలో పడెను.

మాణిక్యాంబ పరుగున వచ్చెను. "అయ్యో అత్తయ్యా! చిన్నపిల్ల, తెలీక చేసింది. రేపు ఏకాదశి కూడానూ. రెండు మెతుకులు తినండి, మీకు పుణ్యముంటుంది."

"వినకపోతే తినేదాన్నే అమ్మా. విన్నాక ఎలా తినను?" అని బంగారమ్మ విస్తరి మడిచి లేచి నూతివైపు నడచెను.

మాణిక్యాంబ కోపమంతయు పిల్లపై విఱుచుకొనిపడెను. వీపున రెండు దెబ్బలు పడినను త్రిపుర ఏడ్వలేదు. తిన్నగా హాలులోనికి పోయి తండ్రియెదుట నిలిచెను. ఆ చూపున నున్నది కోపము కాదు. నమ్మలేకపోవుట.

"గట్టుమీద పెట్టకుండానే చెప్పేశావేం నాన్నా?"

"పోనిద్దూ, ఏదో తమాషాకన్నాను."

"నామీద వేశావుగా ఒట్టు."

"అబ్బో, దీనికి సెక్షన్లు కూడా తెలుసే!" అని జోగారావు తొడ చఱచుకొనెను. భీమశంకరముగారు ఒక్కింత తటపటాయించి తానును నవ్వెను. మాట జాఱుట యొక తప్పైనచో ఆ నవ్వు వేయి తప్పుల పెట్టు.

కొంతసేపటికి పిల్ల కనబడలేదు. బంగారమ్మ మరల స్నానమాడి తడిబట్టతో జపమునకై పోవుచు నూతిప్రక్కనున్న పెరటిసావడిలోనికి తొంగిచూచెను. త్రిపుర అచ్చట నేలపై వెల్లకిలగా పండుకొని కన్నులు గట్టిగా మూసికొని యుండెను. ఎన్నడును తమ్ముని ముట్టనీయని లక్కపిడతలన్నియు వాని ముందు పోసియుండెను. వాడొక పిడతను నోట పెట్టుకొని చీకుచుండెను.

"ఏమే, ఇలా పడుకున్నావేం?"

"నేను చచ్చిపోతాను కదా మామ్మా. పిడతలు వాడికిచ్చేశాను."

అప్పుడే కట్టిన మడియనక అన్నము లేని నీరసమనక ఆ వృద్ధ చటుక్కున చతికిలబడి పరికిణీతో నున్న ఆ పిల్లను ఒడిలోనికి లాగికొని గుండెకు హత్తుకొనెను. నలువదియేండ్లుగా కన్నబిడ్డకైన సడలని మడి ఆ క్షణమున తనంత తాను మంట గలిసెను. పిమ్మట ఆమె పిల్ల తలపైనుండి కంటికి కానరాని దేనినో దోసిటితో తీసి నూతిగట్టుకడకు పోయి పదిలముగా పెట్టి వచ్చెను. "ఇదిగో, తీసి గట్టుమీద పెట్టేశాను. నీకేం కాదు. నా బంగారుతల్లికి నూరేళ్ళు." అప్పుడుగాని పిల్లకు ఏడుపు రాలేదు. వచ్చినది ఆగలేదు.

వెదకుచు వచ్చిన భీమశంకరముగారు సావడి గుమ్మమున నిలిచి యిదంతయు చూచెను. తల్లి ఆయనవైపు తిరిగెను.

"నా మడికేంరా శంకరం, నూతి దగ్గిర రెండు చేదలు పోసుకుంటే మళ్ళీ వస్తుంది. దీని దగ్గిర నువ్వు పోగొట్టుకున్నది ఎన్ని చేదలు పోసుకుంటే వస్తుందిరా?"

"చిన్నపిల్లమ్మా అది. సాయంత్రానికి మరిచిపోతుంది" అని ఆయన కండువా సవరించుకొనెను.

ఏకాదశి గడచెను. ద్వాదశినాడు మామ్మ ముద్ద నెత్తి నోట పెట్టుకొనుచుండ త్రిపుర గుమ్మముకడ నిలిచి ఆ ముద్ద గొంతు దిగువఱకు చూచి పోయెను.

ఆయన యన్నట్లే పిల్ల మరల ఆడెను పాడెను. తండ్రి భుజమెక్కి సంతకు పోయి చెఱకుముక్కలు కొనిపించుకొనెను. గెలిచితినని ఆయన తలపోసెను. కోర్టున నెన్ని వ్యాజ్యములు గెలిచినవాడు!

ఆషాఢము వచ్చెను. మేఘములు క్రిందికి దిగి పట్టణమునంతయు గొంగడి కప్పినట్లు కప్పివేసినవి. ఒకనాటి సాయంకాలము కచేరినుండి వచ్చిన భీమశంకరముగారికి త్రిపుర పెరటిమెట్లపై మోకాళ్ళు ముడిచి కూర్చుండి పరికిణీమడతలో నేదో దాచుకొని నిశ్శబ్దముగా కన్నీరు కార్చుచు కానవచ్చెను. ఆయన మనసు కరగెను. గొడుగు మూల బెట్టి ప్రక్కనే మెట్టుపై కూర్చుండెను.

"ఏమైందే తల్లీ?"

"ఏం లేదు నాన్నా."

"ఏదైనా పగలగొట్టావా? ఎవరైనా ఏమన్నా అన్నారా? నాతో చెప్పవే. ఎవరితోటీ అనను."

పిల్ల మడతను మఱింత గట్టిగా పట్టుకొనెను.

"నీమీదొట్టే" అని ఆయన చేయి చాచెను.

ఆ చేయి తలను చేరకమునుపే త్రిపుర మెడ వంచి తప్పుకొని లేచి చేతికందని దూరమున నిలిచెను. మోమున అలుక లేదు, భయము లేదు. ఇంటికి వచ్చిన పరాయివారితో మాటలాడు మర్యాద మాత్రముండెను.

"మామ్మ పిలుస్తోంది నాన్నా" అని లోపలికి పోయెను. మామ్మ పిలువలేదు.

పట్టణమందలి రహస్యములన్నియు నెఱిగిన ఆ వకీలునకు ఆ పరికిణీమడతలో నేమున్నదో ఎన్నటికిని తెలియలేదు. వాన యందుకొనెను. చాచిన చేయిని వెనుకకు తీసికొనుటయు మఱచి ఆయన అట్లే కూర్చుండ చూరునీరు ఆ యరచేతిలో పడుచుండెను.