మూడో గేరు

పైవంతెన సగం ఎక్కేసరికి గేరు రాడ్డు గంగాభవాని ఎడమ అరచేతిని తన్ని బయటికి దూకింది. ఇంజను ఒక్కసారిగా అరిచింది. బండి మాత్రం ముందుకు కదలడం మానేసింది. వెనకే ఉప్పు బస్తాల లారీ హారన్ కొడుతూ వస్తోంది. ఆమె రాడ్డును మళ్లీ మూడో గేరులోకి నెట్టింది. లోపల ఎక్కడో ఇనుము విరిగినట్టు చప్పుడైంది. ఇక ఏ గేరూ పడలేదు.

బండిలో పదమూడు మంది ఆడవాళ్లున్నారు. తొమ్మిది మంది కూర్చోవలసిన పాత కారు అది. పులికాట్ సరస్సు ఒడ్డునున్న కొత్తకుప్పం నుంచి తడ దగ్గరి చెప్పుల ఫ్యాక్టరీకి వాళ్లను రోజూ తెల్లవారుజామున చేరవేయాలి. ఆరు గంటలకు గేటు మూస్తారు. గంగాభవాని హ్యాండు బ్రేకు బలంగా లాగి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి లారీకి సైగ చేసింది. లారీ జానెడు దూరంలోంచి పక్కకు తప్పుకుని పోయింది. ఆ గాలికి బండి ఊగింది. వెనక సీట్లో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు.

అందరూ దిగి బండిని వెనక్కి, పక్కకు తోశారు. తర్వాత రెండు ఆటోలు ఆపి, ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూర్చుని వెళ్లారు. గేటు దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా చేరారని అర రోజు జీతం కోసేశారు. ఆ సంగతి వాళ్లలో ఒకరైన వనజాక్షి ఫోన్ చేసి మరీ చెప్పింది. గంగాభవానికి ఆమె వరసకు ఆడపడుచు, నోరు పెద్దది. ఫోన్లో ఆమె అన్న మాటలకు బదులు చెప్పకుండా గంగాభవాని వింది. అప్పటికి ఆమె సూళ్లూరుపేటలో, మెకానిక్ జ్ఞానప్రకాశం షెడ్డులో, లాక్కొచ్చిన బండి పక్కన నిలబడి ఉంది.

ఎనిమిది నెలలుగా ఆ మూడో గేరు దానంతటది నిలవడం లేదు. పనిలో చేరిన మొదటి వారంలోనే ఆమె బండి ఓనరు కిషోర్‌కు చెప్పింది. చేత్తో పట్టుకుని నడపమన్నాడు. అలాగే పట్టుకుని నడిపింది. ఎత్తు ఎక్కేటప్పుడల్లా కుడిచేత్తో స్టీరింగు, ఎడమచేత్తో రాడ్డు. అరచేతిలో బొటనవేలి కింద కాయ కాసింది. సరస్సులో వలేసే మొగుడు ముత్యాలయ్యతో, అతని చేతుల కంటే తన చేతులే మొరటుగా ఉన్నాయని ఒకరోజు నవ్వుతూ అంది కూడా. సరస్సు ఎండిన ఏడాది, అన్న నడిపే ఐసు వ్యాను మీద ఆమె డ్రైవింగు నేర్చుకుంది. పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుంది. ఆడ డ్రైవరైతే ఊళ్లో ఆడపిల్లల తల్లులు నమ్మి పంపుతారని కిషోర్ ఆమెను పెట్టుకున్నాడు. అంతకు ముందున్న డ్రైవరుకు పదిహేను వేలిచ్చేవాడు. ఈమెకు పదకొండు వేలు. ఎందుకని అడిగితే, ఆడవాళ్లకింత ఎవరిస్తారని ఎదురడిగాడు.

జ్ఞానప్రకాశం యాభై ఐదేళ్ల మనిషి. ఆదివారం చర్చికి తప్ప షెడ్డు మూయడు. గేర్‌బాక్సు కిందికి దించి, నూనె పళ్లెంలోకి వంచాడు. నూనె నల్లగా, చిక్కగా జారింది. దాని నిండా ఇనుప రజను మెరుస్తోంది. అందులో వేళ్లు పెట్టి వెతికి, గోరంత ముక్క ఒకటి తీసి గుడ్డతో తుడిచాడు. గేరు చక్రం నుంచి విరిగిన పన్ను అది. దాని ఒక అంచు నున్నగా లేదు, చీమిడి కట్టినట్టు గడ్డ కట్టి ఉంది.

"ఇది వెల్డింగు, భవానీ. విరిగిన పన్నుని ఎవరో అతికించినారు. రెండేండ్ల పైమాటే. నువ్వు బండెక్కినాక అయింది కాదు."

ఆ మాట వినగానే ఆమెకు ఎనిమిది నెలల్లో మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడినట్టనిపించింది. ఏం చేయాలో చెప్పమంది. జ్ఞానప్రకాశం నేల మీద గొంతుక్కూర్చుని, విడిభాగాలు ఒక్కొక్కటే చూపిస్తూ వివరించాడు. మూడో గేరు ఒక్కటే మార్చి కట్టేయవచ్చు, తొమ్మిది వేలవుతుంది. కానీ అరిగిన చక్రాల మధ్య కొత్త చక్రం ఇమడదు, రెండు నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తుంది. చెన్నై పాత సామాన్ల బజారులో ఇంకో గేర్‌బాక్సు తెచ్చి బిగించవచ్చు, కూలితో కలిపి నలభై వేలు. అయితే అది ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో అమ్మినవాడు కూడా చెప్పలేడు. మూడోది, ఇదే పెట్టెను మొత్తం విప్పి బేరింగులు, రింగులు, అరిగిన గేర్లు అన్నీ కొత్తవి వేసి కట్టడం. నలభై ఐదు వేలు, ఐదు రోజులు. తన బండైతే మూడోదే చేస్తానన్నాడు. లోపలేముందో తన కళ్లతో చూసి మూత బిగించవచ్చు గనక.

"ఏమీ చేయకుండా తిప్పితే?" అని అడిగింది.

అతను ఒక బేరింగు తీసి ఆమె చేతిలో పెట్టాడు. తిప్పితే రాళ్లు నమిలినట్టుంది. "ఇది స్పీడులో ఉండగా పట్టేసిందనుకో. చక్రాలు ఆడికాడికి బిగుసుకుంటాయి. హైవే మీద ఎనభైలో అట్టయితే బండి పల్టీనే."

ఆమెకు పొద్దున వెనక సీట్లో ఏడ్చిన గొంతు గుర్తొచ్చింది.

పదకొండింటికి కిషోర్ వచ్చాడు. గేరు మార్చే పనే లేని కొత్త తెల్లకారులోంచి దిగాడు. అతనికి అలాంటి పాత బళ్లు ఆరున్నాయి, ఆరూ ఫ్యాక్టరీలకే తిరుగుతాయి. ఒక్కో మనిషి జీతంలోంచి నెలకు పద్నాలుగు వందలు పట్టి ఫ్యాక్టరీ అతనికి కడుతుంది. జ్ఞానప్రకాశం మూడు దారులూ అతనికి మళ్లీ చెప్పాడు. కిషోర్ ఫోన్ చూసుకుంటూనే విన్నాడు. ఐదు రోజులు వేరే బండి బాడుగకు పెట్టాలంటే రోజుకు రెండున్నర వేలని, ఇనుప ముద్దకు నలభై ఐదు వేలు పోసేంత పిచ్చి తనకు లేదని అన్నాడు.

"నాలుగో దారి చెప్పు జ్ఞానప్రకాశం. నీకు తెలీదా? పాతదాన్నే అతికించి, చిక్కటి నూనెలో రంపపు పొట్టు కలిపి పోసెయ్. దసరాకి కాంట్రాక్టు మారతాది. ఆ లోపల ఎవడికో ఒకడికి అమ్మేస్తా."

రంపపు పొట్టు పోస్తే అరిగిన పళ్ల సందుల్లోకి అది దూరి చప్పుడు వినపడదు. బండి కొత్తదానిలా నోరు మూసుకుంటుంది. లోపలి అరుగుడు మాత్రం ఎక్కడికీ పోదు. ఈ సంగతి షెడ్డులో ఉన్న ముగ్గురికీ తెలుసు.

తర్వాత కిషోర్ గంగాభవాని వైపు తిరిగాడు. ఆమె జీతంలో నెలకు రెండు వేల చొప్పున ఆర్నెల్లు పట్టుకుంటానన్నాడు. క్లచ్చి తొక్కడం రాని ఆడవాళ్ల చేతికి స్టీరింగిస్తే ఇలాగే ఉంటుందన్నాడు.

"సార్, దీన్ని అతికించింది నేను రాకముందు. పన్ను మీద వెల్డింగుండాది. జ్ఞానప్రకాశం అన్న సూసినాడు." ఆమె అతని వైపు తిరిగింది. "చెప్పన్నా."

జ్ఞానప్రకాశం చేతులు తుడుచుకుంటున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. వేళ్ల సందులు, గోళ్ల చివరలు, మణికట్టు. కిషోర్ కారు రోడ్డెక్కేదాకా అతను తలెత్తలేదు.

అప్పుడు ఆమెకు వచ్చిన కోపం కిషోర్ మీద వచ్చినదానికంటే పెద్దది. కిషోర్ నుంచి ఆమె ఎన్నడూ ఏమీ ఆశించలేదు. ఈ మనిషి ఇప్పుడే తన చేతిలో బేరింగు పెట్టి, మనుషులెలా చస్తారో విడమరచి చెప్పాడు.

"పొట్టు పోస్తావా?" అని అడిగింది.

ఆరు బళ్లూ తన షెడ్డుకే వస్తాయని, కూతురు ఫ్లోరా నర్సింగు ఫీజు వాటి మీదే నడుస్తోందని అతను నేల చూస్తూ చెప్పాడు. తను పోయకపోతే ఇంకొకడు పోస్తాడన్నాడు.

"ఇంకొకడే పోయనీ అన్నా. నువ్వెందుకు పోయాల?"

జ్ఞానప్రకాశం సైకిలు తీసుకుని కలప కోతమిల్లు వైపు వెళ్లాడు. గంగాభవాని పళ్లెం పక్కనున్న పన్ను ముక్కను రుమాలులో మూట కట్టుకుని, షేర్ ఆటో ఎక్కి తడ వెళ్లింది.

రెండింటికి షిఫ్టు వదిలారు. కొత్తకుప్పం ఆడవాళ్లు ఆమెను చూసి మొహాలు తిప్పుకున్నారు. ఆమె బతిమాలలేదు. గోడ నీడలో నిలబడి, జరిగినదంతా మొదటి నుంచి చెప్పింది. పన్ను ముక్క చేతులు మారింది. వాళ్లలో పిచ్చమ్మ దాన్ని చూడనైనా చూడలేదు. ఆమె మొగుడు చేపల వేటకు పోవడం మానేసి నాలుగేళ్లు, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తుంది. దసరా దాకా కళ్లు మూసుకుంటే గడిచిపోతుందని, బండి లేదంటే పని కూడా ఉండదని అంది. ఇద్దరు ముగ్గురు తలూపారు.

"ఇయ్యాల పోయిన అర రోజు నువ్విస్తావా వొదినా?" అంది వనజాక్షి.

"నా జీతంలో నెలకి రెండు వేలు కోస్తానన్నాడు. యాణ్ణించి తెచ్చేది?"

వనజాక్షి ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసింది. ఆమె పని చెప్పుల అడుగులు పరీక్షించడం. అంచు వెంట బొటనవేలు నడిపింది, పనిలో నడిపినట్టే.

"అతుకు నున్నంగా లేకపోతే మా సూపర్వైజరు చెప్పుని మొహాన కొడతాడు," అంది నెమ్మదిగా. "యాడో దేశంలో ఎవురి కాలికో ముల్లు గుచ్చుకుంటాదని. మనల్ని ఎక్కించుకునే దాంట్లో మాత్రం ఈ అతుకు సరిపోయిందా?"

ఎక్కబోమని మాత్రం ఎవరూ అనలేదు. ఆటోల కోసం రోడ్డు మీదికి నడిచారు.

సాయంత్రం ఐదింటికి కిషోర్ ఫోన్ చేసి, బండి సిద్ధమైంది, వచ్చి తీసుకెళ్లమన్నాడు. ఆమె షెడ్డుకు వెళ్లింది. ఇంజను నడుస్తోంది. గేర్‌బాక్సులో గుసగుస కూడా లేదు. జ్ఞానప్రకాశం ఒక మూల వేరే బండి కింద దూరి, కాళ్లు మాత్రం కనపడేలా పడుకుని ఉన్నాడు. కిషోర్ తాళాల గుత్తి చాపాడు.

ఆమె తీసుకోలేదు. "ఎక్కండి సార్. తడ దాకా పోయొద్దాం. పైవంతెన మింద మూడో గేరులో ఎక్కిస్తా, దిగేటప్పుడు ఎనభైలో పోనిస్తా. మీరు నా పక్క సీట్లో కూచోండి."

తనకు వేరే పనుందన్నాడు కిషోర్.

"అరగంటే సార్."

పనుందని మళ్లీ అన్నాడు. ఈసారి ఆమె మొహం చూడకుండా అన్నాడు. అంతసేపూ తను తప్పేమైనా మాట్లాడుతున్నానేమో అని మనసులో ఎక్కడో బెదురుతూ ఉన్న గంగాభవానికి, ఆ క్షణంలో ఆ బెదురు పోయింది. ఈయనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

"మీరెక్కని బండి నేను నడపను," అంది. "పదమూడు మందిని దాంట్లో ఎక్కించను. నా నెల జీతం ఇచ్చేయండి."

కిషోర్ నవ్వాడు. ఊళ్లో డ్రైవర్లకు కరువా అన్నాడు. జీతం సంగతి రిపేరు లెక్కలు తేలాక చూద్దామన్నాడు. ఆమె ఎదుటే ముఖేష్ అనే కుర్ర డ్రైవరుకు ఫోన్ చేసి, తెల్లవారి నాలుగున్నరకు కొత్తకుప్పంలో ఉండమన్నాడు. బండి కింద జ్ఞానప్రకాశం కాళ్లు కదలలేదు.

మర్నాడు ఇంకా వెలుతురు రాకముందే ఆడవాళ్లు అన్నం కారియర్లు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. గంగాభవాని కూడా వచ్చి వాళ్ల మధ్య నిలబడింది. వచ్చేముందు ముత్యాలయ్య ఎక్కడికని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక, వస్తానని మాత్రం చెప్పి వచ్చింది. సరస్సు మీదినుంచి బురద వాసనతో గాలి వీస్తోంది.

బండి వచ్చింది. ఎంత మెత్తగా వచ్చిందంటే, దీపాలు దగ్గరయ్యేదాకా వస్తున్నట్టే ఎవరికీ తెలియలేదు. ముఖేష్ దిగి వెనక తలుపు తీశాడు. పదిహేను వేలిస్తామన్నారని, తనకింకేమీ తెలియదని గంగాభవానితో అన్నాడు. ఆమె అతనికి పన్ను సంగతి, బేరింగు సంగతి, పొట్టు సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు. అతను వింటూ చక్రాల వైపు చూశాడు.

పిచ్చమ్మ అందరినీ దాటుకుని వెళ్లి ఎక్కింది. ఆమె వెనక ఇంకొకామె ఎక్కింది. ఇద్దరూ కారియర్లు ఒళ్లో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా, ఎదురుగా ఉన్న సీటు వీపు చూస్తూ కూర్చున్నారు. మిగిలిన పదకొండు మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆటోకు మనిషికి నలభై రూపాయలు. ఈ రోజుకు సరే, రేపటికి? ఆ ప్రశ్న అందరి మొహాల్లోనూ ఉంది.

"అయిదవతా ఉండాది," అన్నాడు ముఖేష్. "వస్తారా రారా?"

వనజాక్షి కదిలింది. తలుపు దాకా నడిచి, ఒక చెయ్యి పైన ఆనించి లోపలికి వంగింది. ఆమె కూడా ఎక్కుతోందనుకుంది గంగాభవాని. వనజాక్షి లోపల కూర్చున్న ఇద్దరికీ ఏదో చెప్పింది, గాలికి మాట వినపడలేదు. పిచ్చమ్మ తల అడ్డంగా ఊపి కారియరును ఇంకా గట్టిగా పట్టుకుంది.

వనజాక్షి వెనక్కి అడుగేసి, బయటినుంచి తలుపు మూసింది.

ముఖేష్ వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. ఇంజను నడుస్తూనే ఉంది. అతని చెయ్యి గేరు రాడ్డు మీద ఉంది. దాన్ని ముందుకు నెట్టకుండా, వెనక్కి లాగకుండా, అద్దంలోంచి రోడ్డు మీద నిలబడ్డ ఆడవాళ్లను చూస్తున్నాడు.