ఎల్లవ్వ చెంబూ, నాలుక కింది గోలీ

నేను ఒక రాగి చెంబును. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి గానీ, మా ఇంట్లో నా నీళ్ల తోడు లేకుండా ఏ మందూ పని చేయదు. జ్వరం గోలీ కానివ్వండి, దగ్గు కషాయం కానివ్వండి, నన్నెత్తి గొంతులో పోసుకుంటేనే దానికి దారి తెలుస్తుంది.

నన్ను పెంబర్తి కంచరి ఒకాయన సాగగొట్టాడు. ఆయన సుత్తి మోతకు ఎదురింటి కోళ్లు గుడ్లు పెట్టడం మరిచిపోయాయట. పెళ్లి సారెలో ఒకింటికి వెళ్లాను. అక్కడ అన్నదమ్ములు వేరుపడిననాడు నా కోసం జుట్లు పట్టుకున్నారు. ఆ గొడవల్లో చేతులు మారి మారి చివరికి గౌండ్ల ఎల్లవ్వ దగ్గర తేలాను. మనుషులు తమాషా మనుషులు. ఎవరి చేతికి వస్తే వాళ్లు నా కడుపు మీద చుక్కలతో తమ పేరు కొట్టించారు. ఇన్ని పేర్లు మోస్తున్నా నన్ను అందరూ చెంబనే పిలుస్తారు.

ఎల్లవ్వ కొడుకు బిక్షపతి కల్లు గీయడానికి తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కేవాడు. ఒకనాడు నడుముకు చుట్టుకునే మోకు తెగి కింద పడ్డాడు. నడుము అతుక్కుంది గానీ నొప్పి పోలేదు. మందుల దుకాణంవాడు ఇచ్చిన గోలీలు మొదట నొప్పిని ఆపాయి. తర్వాత్తర్వాత నొప్పి లేని రోజు కూడా ఒళ్లు వాటినే అడిగింది. వేసుకోకపోతే ముక్కు కారేది, ఆవలింత మీద ఆవలింత వచ్చేది, కాళ్లు పీకేవి, ఒళ్లంతా చెమటతో తడిసిపోయేది.

"మానుతనే అనుకుంటనే. పొద్దుగల్ల ఒళ్లు ఇనదు" అనేవాడు భార్య అనసూయతో.

ఆమే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లింది. "గిదే ఆఖరు. మళ్ల ఆ గోలీలు ముట్టినవో, పిల్లను తీస్కొని మా తల్లిగారింటికి పోత" అని ముందే చెప్పింది.

అక్కడ నుస్రత్ అనే డాక్టరమ్మ అతన్ని వార్డులో ఉంచుకుని, రోజూ ఒక గోలీ నాలుక కింద పెట్టించింది. బిక్షపతి కడుపు నిండా తిన్నాడు, కంటి నిండా నిద్రపోయాడు. ఇంట్లో వేసుకోవడానికి అవే గోలీలిచ్చి పంపారు. అంతే, ఇంటికి రాగానే మళ్లీ చెమటలు, మళ్లీ ఆవలింతలు!

"మళ్ల షురూ జేసినవా?" అంది అనసూయ.

"నీ మీద ఒట్టు, లేదే."

"నీ ఒట్లు మస్తు జూసిన" అని ఆమె బట్టలు సంచిలో సర్దింది. ఎల్లవ్వ అడ్డం పడింది. "ఒక్కపారి ఆ డాక్టరమ్మనడుగుదాం బిడ్డా. అటెన్క నీ ఇష్టం."

ముగ్గురూ బయలుదేరారు. ఎల్లవ్వకు ఆసుపత్రి నీళ్ల మీద నమ్మకం లేదు కనుక నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ తిట్టలేదు. మూత్రం పరీక్ష చేయించింది. పాత గోలీల జాడ లేదు. "ఇంట్లో ఎట్ల ఏసుకుంటవో గట్లనే నా ముందట ఏసుకో" అంది.

బిక్షపతి గోలీ నాలుక కింద పెట్టాడో లేదో, ఎల్లవ్వ నన్ను అతని పెదాలకు ఆనించింది. "ఎండు నోట్ల ఎట్ల దిగుతది బిడ్డా? తాగు."

"ఆగవ్వా, ఆగు!" డాక్టరమ్మ ఎగిరి వచ్చి నా మెడ పట్టుకుంది. "రోజూ గిట్లనే తాపుతున్నవా? అది నాలుక కింద కరిగి రక్తంల కలవాలె. మింగితే శానమట్టుకు వట్టిగనే పోతది!"

మొదట కొట్టిన గొప్ప ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. మందు పని చేయనిది నా నీళ్లు లేక కాదు, నా నీళ్ల వల్లే. రాగిని కాబట్టి సరిపోయింది, ఎర్రబడ్డా ఎవరికీ తెలియలేదు.

ఎల్లవ్వ ఊరుకుంటుందా? "గా గోలీ మానిపిచ్చి గీ గోలీ మప్పుతున్నవు. గిదొక మత్తు గాదా?"

"షుగరున్నోళ్లు రోజు మందేసుకుంటే మత్తంటరా అవ్వా? నేను చెప్పినంత ఏసుకుంటే దీనితోటి మత్తెక్కదు, ఒళ్లు నిమ్మళంగుంటది. ఎన్నాళ్లన్నది తర్వాత చూద్దాం. నాకు చెప్పకుండ ఆపొద్దు. కల్లు ముట్టొద్దు."

"గౌండ్లోనికి కల్లు వద్దంటవా!" అని ఎల్లవ్వ నోరు తెరిచింది. కొడుకు ముఖం చూసి మూసుకుంది.

అప్పటి నుంచి మా ఇంట్లో పొద్దుటి పూట భలే పసందు. గోలీ కరిగేదాకా బిక్షపతి మాట్లాడకూడదు. ఎల్లవ్వ నన్ను ఒళ్లో పెట్టుకుని, నా మూతి మీద అరచెయ్యి మూసి, కొడుకు చిన్ననాటి నుంచి చేసిన తప్పులన్నీ తీరుబడిగా చదివేది. ఎదురు చెప్పే దిక్కు లేదు.

ఒకనాడు అనసూయ కూడా వచ్చి కూర్చుంది. "నువ్వు నిజమే చెప్పినవు. నేనే నమ్మకపోతి" అంది నేల చూస్తూ.

బిక్షపతి నోరు తెరవబోయాడు.

"మూస్కో! కరగలే!" అని ఎల్లవ్వ గద్దించింది.

అతడు లేచి వెళ్లి, ఇంకా విప్పని ఆ సంచి తెచ్చి, ఒక్కొక్క చీరా తీసి మళ్లీ దండెం మీద వేశాడు. పిల్ల గౌను కూడా మడిచి అరలో పెట్టాడు. గోలీ కరిగాక నా నీళ్లు తాగాడు గానీ, ఇక చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

మర్నాడే బిక్షపతి ఊళ్లోకెల్లా పొడుగు తాడెక్కి, పైనుంచి అనసూయ పేరు పిలిచాడు. పక్క ఊరి కుక్కలు కూడా తలెత్తి చూశాయి.

సరే, సరే, అలా చూడకండి. ఆ తాడెక్కడం నేను కల్పించిందే. ఆ నడుముతో అతడింకా చెట్టెక్కలేదు, ఎక్కుతాడో లేదో నాకు తెలియదు. నీడన కూర్చుని తోటివాళ్లకు మోకులు పేనుతున్నాడు. గోలీ ఇంకా నడుస్తూనే ఉంది. చెట్టెక్కించింది మాత్రం నేనే. ఇంటి చెంబుకు ఆపాటి ఆశ ఉండకూడదా?