తడిస్తే పోయే అక్షరాలు

విమానం తలుపు కింద, తెల్లటి రేకు మీద, ఐదు వేళ్లూ విప్పిన నెత్తుటి చేతి ముద్ర ఉంది.

మొదట చూసింది పెయింటర్ అంజయ్య. చేతిలోని సద్దిమూట జారి నేల మీద పడింది.

దేవరకొండ అవతల, సాగర్ డ్యామ్ పనుల కోసం చదును చేసిన మట్టి రన్‌వే అది. ఇన్నాళ్లూ ఇంజనీర్లను మోసిన ఆ డకోటా విమానాన్ని దాని కంపెనీ బర్మాలోని మరో కంపెనీకి అమ్మేసింది. పాత నంబరు గీకేశారు. కొత్తవాళ్లు తమ నంబరు రాసుకునేదాకా, దారి పొడవునా చెల్లేలా తాత్కాలికంగా కొన్ని అక్షరాలు కావాలి. అక్కడికి చేరాక నీళ్లతో కడిగితే అవి పోవాలి. లారీలకూ రైస్ మిల్లులకూ పేర్లు రాసే అంజయ్య జిగురు రంగు కలిపి, నిన్న తోక దగ్గర మూరెడెత్తు అక్షరాలు రాశాడు.

పైలట్ అమరేందర్ వాటిని చూసి ముచ్చటపడ్డాడు. "రేపు హైదరాబాద్ దాకా నువ్వూ రా, అంజయ్యా. కిటికీ పక్క సీటు నీదే" అన్నాడు.

ఆ మాట విని అంజయ్య భార్య కౌసల్య పెట్టెలోంచి కొత్త తెల్ల చొక్కా తీసింది. సద్ది కట్టింది. వాడకట్టంతా తిరిగి చెప్పి వచ్చింది.

ఇప్పుడేమో ఈ నెత్తురు.

అమరేందర్ ముఖంలో నవ్వు మాయమైంది. "ఎవరి మీదో దాడి జరిగినట్టుంది. పోలీసులు వచ్చి తేల్చేదాకా విమానం కదలదు."

"తేల్చినంక పోతం గద సార్?"

"అప్పటికి ఆలస్యమైపోతుంది. నేరుగా మద్రాసు పోవాల్సిందే. హైదరాబాద్‌లో ఆగడం కుదరదు."

అంజయ్య ఒంటి మీది కొత్త చొక్కా వైపు చూసుకున్నాడు. పోలీసుల కోసం పంపడానికి జీపు డ్రైవర్‌ను అమరేందర్ పిలిచాడు.

రెక్క నీడలో కాపలాదారు దుర్గయ్య నిలబడి ఉన్నాడు. అతని గొర్రెలు రన్‌వే అంచున మేస్తున్నాయి. మెడదాకా గొంగడి కప్పుకున్నాడు.

"ఎండ చుర్రుమంటాంది. గొంగడెందుకే దుర్గన్నా?" అన్నాడు అంజయ్య.

"సలిజరం."

"దవాఖానకు పోదాం పా."

"గంత లేదు తియ్యి."

అంతలో దుర్గయ్య భార్య జానమ్మ జొన్నరొట్టెలు తీసుకుని వచ్చింది. అందరూ చూస్తున్న వైపు చూసింది. ముద్ర దగ్గరకు పోయి వాసన పట్టింది.

"నెత్తురని ఎవలన్నరు? నెత్తురైతే ఈగలు ముసరవా? గిది జాజు, ఎర్రమన్ను, ఆముదంల కలిపింది. మా గొర్లకు పెట్టేదే." మొగుడి వైపు తిరిగింది. "పొద్దుగాల చట్టి ఖాళీగుంటే పిల్లి ఒలకబోసిందనుకున్న. గా పిల్లి గొంగడి కప్పుకున్నది. ఏదీ, చెయ్యి సూపియ్యి."

గొంగడి జారింది. దుర్గయ్య కుడి చెయ్యి మణికట్టుదాకా ఎర్రగా ఉంది.

అమరేందర్ పగలబడి నవ్వి, జీపు డ్రైవర్‌ను వెనక్కి పిలిచాడు. "అంజయ్యా, ఎక్కు. దుర్గయ్యా, ఎందుకు పెట్టావో చెప్పు. అది వినందే ఇంజను తిప్పను."

దుర్గయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేనే పెట్టిన సార్. కొన్న జీవం కొత్త మందల నిలవది, పాత దొడ్డి దిక్కే సూస్తది. అందుకే మేం చెయ్యేసి గుర్తు పెడతం. వానకు పోదు, ఎండకు పోదు. గీ అంజన్నేమో తడిస్తే పోయే అక్షరాలు రాసిండు. గింత పెద్ద జీవానికి గసొంటి గుర్తా? పాత పేరు గీకిర్రి, కొత్త పేరు ఇంకా పెట్టలే. నడుమ వానపడి తప్పిపోతే ఎవలిదని అడుగుతరు? ఇగ మీకు ఫికర్ లేదు. యాడ దిగినా, మా దిక్కోడు ఒక్కడు సూసిండంటే దుర్గయ్యదని తోలుకొచ్చి నా దొడ్లె కట్టేస్తడు. అంజన్న గుడ గిదే మొదటిసారి మంద ఇడిసి పోవుడు. జర ఆగుమను సార్, చెయ్యి ఇంకా తడిగనే ఉన్నది. ఆ తెల్లంగి ఈపు మీద గుడ ఒకటేస్త."