అబ్బాయి గది చిన్నదవుతోంది

పొద్దున ఐదున్నరకల్లా అమ్మ ఖాకీ చొక్కా వేసుకుని, ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో టేపు పట్టుకుని కొడుకు గదిలోకి వచ్చింది.

"కాళ్లు తియ్యరా, గోడ కొలవాలి."

కొడుకు కాళ్లు ముడుచుకున్నాడు. మంచం అప్పటికే ఒక కోడు గుమ్మం బయట పెట్టుకుని ఉంది.

"నిన్నటికీ ఇవాళ్టికీ రెండంగుళాలు తగ్గింది!" అంది అమ్మ, లాటరీ తగిలినంత సంబరంగా.

ఆ ఇంటి సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. ఎవరైనా రాబోతుంటే ఓ గది మొలుస్తుంది. ఎవరైనా వెళ్లబోతుంటే వాళ్ల గది ముడుచుకుంటుంది. అక్క పెళ్లికి ముందు అక్క గది తగ్గి తగ్గి, చివరికి ఇస్త్రీపెట్టె పట్టేంత గూడుగా మిగిలింది. మునిసిపాలిటీ వాళ్లు ఏటా వచ్చి, ఇల్లు మళ్లీ కొలుచుకుని, టీ తాగి పోతారు.

"నీకు పెళ్లయితే గది పెరగాలి గానీ తగ్గడమేంట్రా?" అమ్మ టేపు చుట్టేసి కాసేపు ఆలోచించింది. "ఆఁ! ఇల్లరికం! నువ్వు ఇల్లరికం వెళ్తున్నావు. దొంగ వెధవా, పిల్ల ఎవరు?"

"పిల్లా లేదు, పీచూ లేదు. నీకు టైమైంది, వెళ్లమ్మా."

అమ్మ ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు నడుపుతోంది. ఆమెకి తెలిసిన విషయం ఆఖరి స్టాపు దాకా అందరికీ తెలుస్తుంది. వారం తిరక్కుండానే ప్రయాణికులు సంబంధాలు తేవడం మొదలుపెట్టారు. కండక్టరు టికెట్ల వెనక చిరునామాలు రాసి ఇచ్చేవాడు.

అబ్బాయికి ఇరవై తొమ్మిదేళ్లు. లిఫ్టులు బాగుచేస్తాడు. గది ఎందుకు తగ్గుతోందో అతనికి తెలుసు. చెప్పడానికే నోరు పెగల్లేదు.

ఏడాది కిందట ఆసుపత్రిలో ఓ లిఫ్టు మూడు, నాలుగు అంతస్తుల మధ్య బిగుసుకుపోయింది. లోపల ఒక ముసలావిడ ఒక్కతే చిక్కుకుంది. పైన మోటారు గదిలో తోటి మెకానిక్ చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాడు. అబ్బాయి నాలుగో అంతస్తు నేల మీద బోర్లా పడుకుని, తలుపు సందులోంచి ఆవిడకి ధైర్యం చెప్పాడు. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఆవిడ మనసులో ఉన్నదంతా కక్కేసింది. పై అంతస్తులో భర్త ఉన్నాడు, ఇవాళో రేపో అన్నట్టున్నాడు. ఆయనతో మాట్లాడి ఆరేళ్లయింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియడం లేదు.

"వెళ్లండమ్మా. ఏమీ అనక్కర్లేదు, చెయ్యి పట్టుకోండి చాలు," అన్నాడతను.

ఆవిడ మరియమ్మని తలుచుకుని మంగళవార్త జపం మొదలుపెడితే అతనూ కలిశాడు. లిఫ్టు కదిలి తలుపులు తెరుచుకున్నాక ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"మీరు ఫాదర్ గారా బాబూ?"

"కాదమ్మా, మెకానిక్‌ని."

చెప్పింది నిజమే. అయినా అబద్ధమాడినవాడిలా చెవులు భగ్గుమన్నాయి. ఆవిడ గబగబా మెట్లెక్కి వెళ్తుంటే గుండె చెంగున గెంతింది. అది మళ్లీ కుదురుగా నిలబడలేదు. పానా పట్టుకున్నా అదే ఉత్సాహం, అన్నం ముందు కూర్చున్నా అదే. రేపు ఊరెళ్దామని చెబితే చిన్నపిల్లలు చెప్పుల్తోనే పడుకుంటారే, అలా ఉండేది.

చర్చికి వెళ్లి ఫాదర్‌కి చెప్పుకున్నాడు. ఆయన తొందరపడే మనిషి కాదు.

"పెళ్లంటే భయమా?"

"లేదు ఫాదర్. పిల్లలంటే ప్రాణం కూడాను."

"మంచిది. భయపడి పారిపోయి వచ్చేవాళ్లు మాకొద్దు. రోజూ పొద్దున పూజకి రా. ఈ ఉబలాటం ఆర్నెల్లకి చల్లారితే సంతోషంగా లిఫ్టులు బాగుచేసుకో."

చల్లారలేదు. ఆరో నెలలో గది తగ్గడం మొదలైంది. అది విని ఫాదర్ నవ్వాడు.

"ఇల్లు నువ్వు వెళ్తావని చెబుతుంది. ఎక్కడికో చెప్పదు. ఆ మాట నీ నోటితో నువ్వే అనాలి. గోడలు నెట్టాయి కాబట్టి వచ్చానంటే బిషప్ గారు ఒప్పుకోరు."

ఆ తర్వాత చాలామంది అతన్ని చాలా ప్రశ్నలు అడిగారు. చివరికి బిషప్ గారి ఉత్తరం వచ్చింది. ఫాదర్లయ్యే చదువు చెప్పే సెమినరీలో చేరవచ్చు, శనివారంలోగా జవాబివ్వమన్నారు.

ఇంట్లో చెప్పే ధైర్యం చాలక అతను అమ్మ బస్సెక్కాడు. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు.

"అమ్మా, నేను ఇల్లరికం వెళ్లడం లేదు. ఫాదర్‌ని అవుదామనుకుంటున్నాను."

బస్సు ఒక స్టాపు దాటిపోయింది. ఇరవై రెండేళ్లలో అలా జరగడం అదే మొదలు. దిగాల్సినవాళ్లు కూడా నోరెత్తలేదు.

"ఎన్నాళ్లుగా?" అంది అమ్మ, అద్దంలోంచి చూస్తూ.

"ఏడాది."

"ఏడాదిగా ఆ ముసలి ఫాదర్‌కి తెలుసు, నాకు తెలీదు!"

కండక్టరు తన దగ్గరున్న చిరునామాలన్నీ మెల్లగా జేబులోకి తోసేశాడు.

సాయంత్రం అమ్మ డిపో నుంచి బస్సులు లేపే జాకీ పట్టుకొచ్చింది. దాన్ని అబ్బాయి గదిలో ఈ గోడకీ ఆ గోడకీ మధ్య అడ్డంగా బిగించి, పళ్లు బిగబట్టి తిప్పింది. గోడలు మూలిగాయి. సున్నం రాలింది. ఒక గోడ పైనుంచి కిందికి నిలువునా బీటలిచ్చింది. అబ్బాయి ఆపలేదు, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నాన్న పోయారు. అక్క వెళ్లింది. నువ్వు కూడా వెళ్తే ఈ ఇంట్లో నేను గోడల్తో మాట్లాడుకోవాలా?" అంది అమ్మ, జాకీ వదలకుండా.

అతను ఊరడించే మాటలేవీ చెప్పలేదు. లిఫ్టు సంగతి చెప్పాడు. తలుపు సందు, ఆరేళ్ల మౌనం, చెవులు భగ్గుమనడం, ఏదీ వదల్లేదు. చెబుతుంటే మొహం వెలిగిపోయింది, చేతులు గాల్లో తిరిగాయి. అమ్మ కన్నార్పకుండా చూసింది. నాన్న పోయాక వాడు ఇంత గట్టిగా, ఇంత ఆనందంగా మాట్లాడటం ఆమె వినలేదు.

"ఆవిడ చెయ్యి పట్టుకుందా మరి, వాళ్లాయనది?"

"తెలీదమ్మా. పైకి మాత్రం పరుగెత్తింది."

అమ్మ కొంగు లేని ఖాకీ చొక్కా చేతితోనే కళ్లు తుడుచుకుంది. లేచి జాకీ పట్టుకుంది. ఈసారి అటు తిప్పలేదు, ఇటు తిప్పి వదులు చేసింది.

"వెళ్లి జవాబు రాయి. అక్షరం కుదురుగా రాసి చావు, బిషప్ గారు చూస్తారు."

నెలాఖరుకి గదిలో అతని పెట్టె పట్టేంత చోటే మిగిలింది. పెట్టె తీశాక అదీ లేదు. అమ్మ తన బస్సులోనే స్టేషన్ దాకా దింపింది. ఆ ట్రిప్పులో ఎవరూ మధ్యలో దిగలేదు.

సెమినరీలో చేరిన మూడో వారం అతనికి ఫోనొచ్చిందని పిలిచారు. అవతల అమ్మ అరుస్తోంది.

"ఒరేయ్! నువ్వెళ్లిన నాలుగో రోజు వంటింటి పక్కన గది మొలిచిందిరా! కిటికీతో సహా! ఎవరికో తెలీక నాకు తిండి సయించలేదు. మొన్న డిపోలో కొత్త డ్రైవరమ్మాయి చేరింది. చంకలో ఏడు నెలల పిల్ల. వెనకా ముందూ ఎవరూ లేరు. సంచీ నేల మీద పెట్టి, 'అక్కా, ఎక్కడైనా చిన్న గది దొరుకుతుందా' అని నన్నడిగింది. నన్నే!"

"నువ్వేమన్నావమ్మా?"

"ఏమంటాను! నా బస్సెక్కమన్నాను."

అతనికి నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఇంకేదో అడగబోయాడు.

"ఉంటాన్రా, తర్వాత మాట్లాడదాం," అంది అమ్మ హడావిడిగా. "పిల్ల లేచింది."